గడియారం నడవకముందే నిద్రపోమన్నాను

నిన్న రాత్రి ఆ కార్డు ఎట్టకేలకు ప్రతిసారీ తన అసలు సీరియల్ నంబరు చెప్పింది. పదకొండు రోజులు పట్టింది. మరిచిపోకముందే రాసిపెడుతున్నాను.

కొలతలు తీసే ఒక పీసీఐ కార్డుకు (కంప్యూటర్ లోపలి స్లాట్‌లో అమర్చేది) నెట్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో డ్రైవర్, అంటే కార్డును నడిపే ప్రోగ్రాం, రాయడం నా పని. కార్డును గుర్తించడం, దాని రిజిస్టర్లను (విలువలు ఉంచే చిన్న గదులను) మ్యాప్ చేసుకోవడం, ఇంటరప్ట్‌ను, అంటే పని అయిందని కార్డు ఇచ్చే సంకేతాన్ని, అందుకునే హ్యాండ్లర్‌ను నమోదు చేయడం ఒక్క పూటలో అయిపోయాయి. కెర్నల్ (సిస్టమ్ మూల భాగం) సోర్సులో ఏ పాత పీసీఐ డ్రైవర్‌ను చూసినా ఆ దారి తెలుస్తుంది.

తరువాతి మెట్టు, కార్డును దాని వివరాలు అడగడం. ఆదేశం అందాక అది దాదాపు 40 మిల్లీసెకన్లు తీసుకుని, జవాబును రిజిస్టర్లలో ఉంచి, ఇంటరప్ట్ ఇస్తుంది. కార్డు దొరకగానే కెర్నల్ పిలిచే అటాచ్ ఫంక్షన్‌లోనే నేను ఆదేశం పంపి, ఎవరైనా లేపేవరకు నిద్రపోయే టీస్లీప్ ఫంక్షన్‌ను రెండు సెకన్ల గడువుతో పిలిచాను. ఇంటరప్ట్ రాగానే హ్యాండ్లర్ నన్ను లేపుతుంది, లేచి జవాబు చదువుకుంటాను. డ్రైవర్‌ను మాడ్యూల్‌గా, అంటే విడిగా ఎక్కించే ముక్కగా చేసి, నడుస్తున్న యంత్రంలోకి మోడ్‌లోడ్ ఆదేశంతో ఎక్కిస్తే మొదటిసారే పనిచేసింది.

అదే డ్రైవర్‌ను కెర్నల్‌లో కలిపి బూట్ చేస్తే సీరియల్ నంబరు 0, ఫర్మ్‌వేర్ (కార్డు లోపలి ప్రోగ్రాం) వెర్షన్ 0.0 అని వచ్చింది. ఎక్కడా ఎర్రర్ లేదు. గడువు తీరితే టీస్లీప్ ఎర్రర్ కోడ్ ఇవ్వాలి. ఇచ్చింది సున్నా, అంటే ఎవరో లేపారని అర్థం. కాబట్టి ఇంటరప్ట్ వచ్చిందని, కార్డే సున్నాలు పంపిందని నమ్మాను. నమ్మి ఊరుకోలేదు, కార్డులో లోపం ఉందని రాతపూర్వకంగా ఫిర్యాదు చేశాను. హార్డ్‌వేర్ విభాగంలో ఒకావిడ రెండు రోజులు విద్యుత్ సంకేతాలను గీసి చూపే ఆసిలోస్కోపు పెట్టి చూశారు. ఆదేశం వెళ్లిన 40 మిల్లీసెకన్లకు ఇంటరప్ట్ గీత మారి, అలాగే నిలిచి ఉంది. ఆ చిత్రం నాకు పంపి, ‘మా వైపు అంతా సరిగానే ఉందండీ, మీ వైపు దీన్ని అందుకునేవాళ్లు ఎవరు?’ అని రాశారు. ఆ ప్రశ్న దగ్గర నేను ఆగి ఉంటే వారం మిగిలేది. ఆగలేదు.

బదులుగా, ఎక్కడ తప్పుతోందో చూద్దామని టీస్లీప్ తరువాత, కన్సోల్‌పై సందేశం చూపే ఒక ప్రింట్ వాక్యం పెట్టాను. వెంటనే సరైన నంబరు వచ్చింది. పదిసార్లు బూట్ చేశాను, పదిసార్లూ సరిగానే వచ్చింది. మధ్యలో సరిచేసిన ఇంకేదో చిన్న తప్పు వల్ల బాగుపడిందనుకుని, సమస్య తీరిపోయిందని సమావేశంలో ప్రకటించాను. కొనుగోలుదారుకు చూపించాల్సిన రోజు ఉదయం ప్రింట్లన్నీ తీసేసి కెర్నల్ కట్టాను. గదిలో ఎనిమిది మంది ఉన్నారు. తెరమీద మళ్లీ సున్నాలు. కొనుగోలుదారు తరఫున వచ్చిన పెద్దాయన మర్యాదగానే ‘అన్ని కార్డులకూ ఇదే నంబరా, బాబూ?’ అని అడిగారు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఆ రాత్రి ప్రింట్‌ను మళ్లీ పెట్టి, అక్షరాలు ఒక్కొక్కటిగా రావడం చూస్తూ కూర్చున్నాను. మా సీరియల్ కన్సోల్ (బూట్ సందేశాలు బిట్ తరువాత బిట్‌గా బయటికి వచ్చే దారి) వేగం 9600 బాడ్, అంటే సెకనుకు 9600 బిట్లు. ఒక్కో అక్షరానికి 10 బిట్లు, అంటే సెకనుకు 960 అక్షరాలు. నా ప్రింట్ వాక్యంలో అరవైకి పైగా అక్షరాలున్నాయి, అవి వెళ్లడానికి 60 మిల్లీసెకన్లకు పైగా పడుతుంది. కార్డుకు కావలసింది 40. అంటే కార్డు కోసం ఆగింది టీస్లీప్ కాదు, నా ప్రింట్. టీస్లీప్ ఒక్క క్షణం కూడా ఆగలేదు.

సోర్సు తెరిచి చూస్తే విషయం మొదట్లోనే ఉంది. కోల్డ్ (చల్లగా ఉంది, అంటే యంత్రం ఇంకా పూర్తిగా మొదలవలేదు) అనే గ్లోబల్ వేరియబుల్ నిజమైతే టీస్లీప్ నిద్రపోకుండా సున్నాతో తిరిగి వచ్చేస్తుంది. ఇది వ్యాక్స్ అనే పాత కంప్యూటర్ల నాటి బీఎస్‌డీ (నెట్‌బీఎస్‌డీకి మూలం) నుంచి వస్తున్న పేరు. పరికరాలను ఒక్కొక్కటిగా అటాచ్ చేసే సమయానికి గడియారపు ఇంటరప్టే మొదలై ఉండదు, గడువు లెక్కపెట్టేవారు లేరు, నిద్రపోతే లేపేవారూ లేరు. గడియారాలను మొదలుపెట్టే ఇనిట్‌క్లాక్స్ ఫంక్షన్ అయ్యాకే కోల్డ్ సున్నా అవుతుంది. ‘గడియారాలు నడుస్తున్నాయి, ఇప్పుడు వేడెక్కాం’ అని ఆ వరుస పక్కనే వ్యాఖ్య కూడా ఉంది. మోడ్‌లోడ్‌తో ఎక్కించేసరికి ఈ దశ ఎప్పుడో దాటిపోయి ఉంటుంది, అందుకే అక్కడ పనిచేసింది.

నన్ను ఎక్కువగా బాధించింది మరొకటి. జవాబు పదకొండు రోజులూ నా కళ్ల ముందే ఉంది. బూట్ మొదట్లో కన్సోల్ ఒక్క ఇంటరప్ట్ కూడా లేకుండా అక్షరాలు పంపుతోంది. అక్షరాలను బిట్లుగా పంపే చిప్ అయిన యూఆర్ట్ లైన్ స్టేటస్ రిజిస్టర్‌లో, సున్నా నుంచి లెక్కిస్తే ఐదో బిట్‌ను పదేపదే చదివి, ఖాళీ అవగానే తరువాతి అక్షరం వేస్తుంది. నేనూ అదే చేశాను. డిలేతో 10 మైక్రోసెకన్లు ఆగడం, కార్డు స్టేటస్ చూడడం, గరిష్ఠంగా 10,000 సార్లు, అంటే 100 మిల్లీసెకన్లు. నంబరు వచ్చింది.

కార్డు తనను తాను సరిచూసుకునే క్యాలిబ్రేషన్‌కు మూడు సెకన్లు పడుతుంది. యంత్రంలో నాలుగు కార్డులున్నాయి, అంతసేపు బూట్‌ను ఇలా తిప్పుతూ ఉంచడం అన్యాయం. అందుకని ఆ భాగాన్ని ఒక ఫంక్షన్‌గా చేసి, కాన్ఫిగ్_ఇంటరప్ట్స్ అనే కెర్నల్ సదుపాయానికి అప్పగించాను. ఇంటరప్ట్‌లు అందుబాటులోకి వచ్చాక కెర్నల్ దానిని తానే పిలుస్తుంది, కోల్డ్ దశ దాటి ఉంటే అక్కడికక్కడే పిలుస్తుంది. మాడ్యూల్‌కు వేరే కోడ్ అక్కర్లేదు.

అప్పుడు కూడా ఒక రోజు పోయింది. పోలింగ్‌తో, అంటే పదేపదే స్టేటస్ చూసి, జవాబు చదువుకున్నాను గానీ కార్డులో ‘పని పూర్తయింది’ అనే బిట్‌ను చెరపలేదు. ఇంటరప్ట్‌లు తెరుచుకోగానే ఆ పాత ఇంటరప్ట్ వచ్చి, అప్పుడే మొదలైన క్యాలిబ్రేషన్ పూర్తయినట్టు హ్యాండ్లర్‌ను నమ్మించింది, సగం విలువలు చదివాను. పోలింగ్ ముగియగానే బిట్‌ను చెరపండి, వాయిదా వేసిన ఫంక్షన్ మొదలయ్యేవరకు కార్డు ఇంటరప్ట్‌లను మాస్క్‌తో ఆపే ఉంచండి. కార్డు తయారీదారు పుస్తకంలో దీని గురించి ఒక్క ముక్క లేదు. జవాబు ఇంటరప్ట్‌తో వస్తుందని రాసి ఊరుకున్నారు. స్టేటస్ బిట్ గురించి ఉత్తరం రాస్తే, నేను వాడేది ఏ విండోస్ అని ఎదురు అడిగారు. కార్డు అమ్మి సొమ్ము తీసుకున్నవారికి ఆ రెండు వాక్యాలు రాయడం బరువా?

డ్రైవర్ రాసేవారు మోడ్‌లోడ్‌లో పనిచేసిందని సంతోషపడవద్దు. కెర్నల్‌లో కలిపి, ప్రింట్లన్నీ తీసేసి, కరెంటు ఆపి మళ్లీ పెట్టి చూడండి. ‘కాస్త డిలే పెట్టు, సర్దుకుంటుంది’ అని సలహా ఇచ్చే సీనియర్లు ప్రతి కార్యాలయంలో ఉంటారు, మా దగ్గరా ఉన్నారు. ఎందుకు ఆగాలో తెలియకుండా పెట్టిన డిలే నా ప్రింట్ లాంటిదే.

నిన్న రాత్రి యాభైసార్లు కరెంటు తీసి పెట్టాను, నాలుగు కార్డులూ యాభైసార్లు సరైన నంబర్లే చెప్పాయి. పొద్దున్నే నా ఫిర్యాదును వెనక్కి తీసుకుంటూ ఉత్తరం రాసి, హార్డ్‌వేర్ విభాగానికి వెళ్లి ఆవిడకు నేరుగా క్షమాపణ చెప్పి వచ్చాను.