మా అమ్మాయిది ఏ ఊరు?

బళ్లో ఇచ్చిన కాగితంలో ‘మీది ఏ ఊరు’ అన్న చోట మా అమ్మాయి, మేముండే ఇంగ్లండ్‌లోని క్రాలీ పేరు రాసింది. పక్కన అమలాపురం అని కూడా రాయమన్నాను. రాయనంది. ‘‘నేను పుట్టింది ఇక్కడ కదమ్మా, అక్కడికి సెలవులకే కదా వెళ్తాం’’ అంది. ‘‘ఎక్కడ పుట్టినా మన ఊరు మన ఊరే’’ అని నేనూ పట్టు విడవలేదు. అప్పుడంది, ‘‘మా ఫ్రెండ్ వాళ్ల అమ్మమ్మకి కూడా ఇలాగే చెప్పారట, నువ్వు పుట్టిన చోటు నీది కాదని.’’

ఆ అమ్మమ్మది హిందూ మహాసముద్రంలో ఉన్న చాగోస్ దీవుల్లోని డియెగో గార్సియా అనే దీవి. గాట్విక్ విమానాశ్రయం పక్కనే ఉన్న మా క్రాలీలో చాగోస్ కుటుంబాలు చాలా ఉన్నాయి. 2002 చట్టంతో బ్రిటిష్ పౌరసత్వం వచ్చాక చాలామంది మారిషస్ నుంచి ఇక్కడికొచ్చి స్థిరపడ్డారు. ఒక పుట్టినరోజుకి వాళ్లింటికి వెళ్లినప్పుడు ఆవిడ కొబ్బరికాయ కొట్టడం చూశాను. కాయని అరచేతిలో తిప్పుకుంటూ కత్తి వెనకవైపుతో నడుం చుట్టూ టకటకా కొడితే రెండు చిప్పలుగా విడిపోయింది. కోనసీమలో పుట్టిన నాకు ఆ చేతివాటం చూడగానే ప్రాణం లేచొచ్చింది. ఆవిడ తల్లి దీవిలో కొబ్బరితోటల్లో పనిచేసేదట, రోజంతా కాయలు పగలగొట్టి కొబ్బరి తీసి ఎండబెట్టడమే పని.

ఆ తోటలు వేసింది 18వ శతాబ్దం చివర్లో ఫ్రెంచివాళ్లు, ఆఫ్రికా నుంచి, మడగాస్కర్ నుంచి తెచ్చిన బానిసలతో. 1814 పారిస్ ఒప్పందంతో మారిషస్‌తో పాటు చాగోస్ కూడా బ్రిటన్ చేతికొచ్చింది. బానిసత్వం పోయినా జనం అక్కడే ఉండిపోయారు. మన దేశం నుంచి కూలికి వెళ్లినవాళ్లూ కొందరు వాళ్లలో కలిశారు. పెళ్లిళ్లు, పురుళ్లు, చర్చి, శ్మశానం అన్నీ అక్కడే. పాలన మాత్రం మారిషస్ నుంచే నడిచేది.

అసలు గొడవ 1965లో మొదలైంది. అమెరికాకి హిందూ మహాసముద్రంలో సైనిక స్థావరం కావాలి. మారిషస్‌కి స్వాతంత్ర్యం కావాలి. చర్చల కోసం లండన్ వెళ్లిన మారిషస్ నాయకుడు రాంగులాం బృందం చాగోస్‌ని వదులుకోవడానికి ఒప్పుకున్నాక, అదే ఏడాది నవంబర్లో బ్రిటన్ దీవులను విడదీసి కొత్త కాలనీ చేసింది. మారిషస్‌కి 30 లక్షల పౌండ్లు ఇచ్చింది. స్వాతంత్ర్యాన్ని ఎదురుగా పెట్టి ఒప్పించడం ఒప్పందం ఎలా అవుతుందన్నది మారిషస్ వాదన. నాకూ అదే న్యాయమనిపిస్తుంది.

ఇందులో నన్ను వదలని సంగతి ఇంకొకటుంది. దీవుల్లో తరతరాలుగా పుట్టి పెరిగినవాళ్లున్నారని ఒప్పుకుంటే వాళ్ల హక్కుల గురించి ఐక్యరాజ్యసమితికి జవాబు చెప్పుకోవాలి. అందుకని బ్రిటిష్ అధికారులు అక్కడ స్థిరనివాసులే లేరని, అందరూ కాంట్రాక్టు కూలీలేనని రాసేశారు. ఆ రాతను అడ్డం పెట్టుకునే 1968 నుంచి 1973 లోపు అందరినీ బయటికి పంపేశారు. డియెగో గార్సియా ఖాళీ చేయించేటప్పుడు వాళ్ల పెంపుడు కుక్కలను గదిలో వేసి గ్యాస్‌తో చంపారు. ఓడల్లో తెచ్చి మారిషస్‌లోనూ సీషెల్స్‌లోనూ దింపేశారు.

మాది అలాంటి కథ కాదు. మమ్మల్ని ఎవరూ వెళ్లగొట్టలేదు, బతుకుతెరువు కోసం మేమే వచ్చాం. ఆవిడ పోగొట్టుకున్నదానితో నా బెంగను పోల్చడం తప్పు. కానీ పుట్టిన బిడ్డతో ‘నీ అసలు చోటు ఇది కాదు’ అని వేరేవాళ్లు చెప్పడం ఉంది చూశారూ, అక్కడ నాకు గుచ్చుకుంది. నేను ప్రేమతోనే చెబుతున్నాను. వినేదానికి ఆ ప్రేమ వినబడుతోందా?

కొత్తగా వచ్చిన తల్లిదండ్రులకు నేనెప్పుడూ ఒకటే చెబుతాను. ఇంట్లో తెలుగే మాట్లాడండి, తాతముత్తాతల ఊరి పేరు పిల్లలకు నోటికి రావాలి అని. తెలుగు సంగతిలో ఇప్పటికీ అదే మాట. ఊరి సంగతే గట్టిగా చెప్పలేకపోతున్నాను.

ఎందుకంటే దీవి ఎవరిదన్న గొడవలో అందరూ మాట్లాడారు, అక్కడ పుట్టినవాళ్ల మాటే వెనకబడింది. 2019లో అంతర్జాతీయ న్యాయస్థానం, చాగోస్‌ని విడదీయడం చట్టబద్ధంగా జరగలేదని, బ్రిటన్ తన పాలనను వీలైనంత త్వరగా ముగించాలని అభిప్రాయం చెప్పింది. ఐక్యరాజ్యసమితిలో 116 దేశాలు దాన్ని సమర్థించాయి, ఆరు వ్యతిరేకించాయి. 2025 మేలో సార్వభౌమత్వం మారిషస్‌కి ఇచ్చేలా ఒప్పందం మీద సంతకాలయ్యాయి. అయినా ఆ ఒప్పందం ప్రకారం డియెగో గార్సియా స్థావరం మాత్రం 99 ఏళ్లు బ్రిటన్ చేతిలోనే ఉంటుంది. దానికి ఏడాదికి సగటున 10.1 కోట్ల పౌండ్ల కౌలు. సంతకాల రోజే డియెగో గార్సియాలో పుట్టిన ఇద్దరు స్త్రీలు, మమ్మల్ని అడగలేదని లండన్ కోర్టుకెక్కారు. కోర్టు ఆపింది, కొన్ని గంటల్లోనే మళ్లీ వదిలేసింది. ఒప్పందం ప్రకారం మిగతా దీవుల్లో మనుషులను తిరిగి స్థిరపరచే వీలు మారిషస్‌కి ఉంటుంది, డియెగో గార్సియాలో ఉండదు.

ఇదంతా మా అమ్మాయికి ఓపిగ్గా చెప్పాను. ‘‘అంటే ఆ అమ్మమ్మ తన దీవికి వెళ్లి ఉండలేదా?’’ అంది. లేదన్నాను. ‘‘నేను క్రాలీలో ఉండొచ్చు కదా?’’ అంది. ఆ ప్రశ్నలో ఉన్న భయం నేనే పెట్టానేమోనని ఆ రాత్రంతా టెన్షన్‌గానే గడిచింది. కచ్చితంగా ఉండొచ్చు, ఇది నీ ఊరే అని చెప్పాను. ఆ మాట నా నోటితో అనడం అదే మొదటిసారి.

ఈ సెలవుల్లోనూ అమలాపురం తీసుకెళ్తాను. గోదారి, మా నాన్నగారి తోట, కాయల దింపు అన్నీ చూపిస్తాను. అవి దానికి దక్కాలన్న పట్టుదల నాకు పోలేదు, పోదు కూడా. కానీ అరుగు మీద కూర్చున్న పెద్దవాళ్లు ‘‘ఏ ఊరు తల్లీ మీది?’’ అని అడిగితే ఈసారి నేను ముందుగా అందుకోను. అది క్రాలీ అంటే మా అమ్మ మనసు కష్టపెట్టుకుంటుంది. నాకూ కష్టంగానే ఉంటుంది.