గుండె ఆపరేషన్, ఒక సంచి రక్తం: నా అనుభవం

నరసాపురం దగ్గర పల్లెలో లేసు అల్లకం నా పని. చిన్నప్పటి కీళ్లవాతపు జ్వరం గుండె కవాటాన్ని పాడుచేసిందని తెలిసేసరికి నాకు నలభై దాటాయి. వాల్వు మార్చాలన్నారు. అన్నిటికీ సిద్ధపడి కాకినాడ వెళ్తే, రక్తపరీక్ష చూసి డాక్టరుగారు ఆపరేషన్ వాయిదా వేశారు. రక్తంలో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్ 8.9 మాత్రమే ఉంది, అది బాగా తక్కువట.

"రక్తం ఎక్కించి చేసేయొచ్చు కదండీ?" అని మా ఆయన అడిగారు. ఆపరేషన్‌లో గుండె పని, ఊపిరితిత్తుల పని ఒక యంత్రం చేస్తుందట. దాని గొట్టాలను ముందే ద్రవంతో నింపుతారు. అది కలిసి ఒంట్లో రక్తం పలచబడుతుంది. అసలే తక్కువున్నవారికి ఇంకా పడిపోతుంది, అప్పుడు సంచి మీద సంచి ఎక్కించాలి. నాకున్నది ఇనుము లోపమని తేలింది కాబట్టి ఐరన్‌ను సెలైన్‌లో కలిపి ఎక్కించి, కొన్ని వారాలు ఆగమన్నారు. మెట్లెక్కితే ఆయాసం, పడుకుంటే దగ్గు. ఆ ఎదురుచూపు నరకమే. అయినా నాకు జరిగిన వైద్యంలో అన్నిటికన్నా విలువైనది అదేనని ఇప్పటికీ నమ్ముతాను. ఆపరేషన్ నాటికి 11 దాటింది.

ఆపరేషన్ మరునాటి రాత్రి ఐసీయూలో 7.2కి దిగింది. ఛాతీ గొట్టాల్లోంచి రక్తం ఇంకా వస్తూనే ఉంది. అప్పుడు మాత్రం క్షణం ఆలస్యం చేయలేదు. ఇద్దరు నర్సులు మంచానికి చెరోవైపు నిలబడి సంచి మీది నంబరు, గ్రూపు, నా పేరు పైకి చదువుతూ నా చేతి పట్టీతో సరిచూశారు. మొదటి పావుగంట ఒకామె పక్కనుంచి కదలలేదు. "చలిగా ఉందా అమ్మా? దురదగానీ నడుము నొప్పిగానీ ఉందా?" అని అడుగుతూ జ్వరం, బీపీ చూస్తూనే ఉంది. ఒక్క సంచి ఎక్కించి మళ్లీ పరీక్ష చేశారు. 8.3. అక్కడితో ఆపేశారు.

వార్డుకు వచ్చాక గొడవ మొదలైంది. పాలిపోయిన నా ముఖం చూసి మా తోడికోడలు కన్నీళ్లు పెట్టుకుంది. "అన్నయ్యా, మేనల్లుడూ రక్తమిచ్చారు కదా, ఇంకో రెండు సంచులు ఎక్కించరేం?" అని నిలదీసింది. మన వైపు నీరసమంటే సెలైన్, తెల్లబడితే రక్తం. రక్తం బలం మందు కాదని డాక్టరుగారు ఓపికగా చెప్పారు. అనవసరంగా ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు, ఎక్కించిన రక్తానికి ఒళ్లు ఎదురుతిరగవచ్చు. గుండె వేగం, ఊపిరి, మూత్రం అన్నీ బాగున్నప్పుడు 8.3 సరిపోతుందన్నారు.

నర్సింగ్ చదివే మా మేనకోడలు ఆ రాత్రి దీని గురించి చదివి చెప్పింది. 2017లో వెలువడిన ఒక పెద్ద పరిశోధనలో, పలు దేశాల్లో గుండె ఆపరేషన్ చేయించుకున్న సుమారు 5,000 మందిని రెండు వర్గాలు చేశారట. ఒక వర్గానికి హిమోగ్లోబిన్ 7.5 కంటే తగ్గితేనే రక్తమిచ్చారు, రెండో వర్గానికి ఐసీయూలో 9.5 కంటే తగ్గగానే ఇచ్చారు. మరణాలు, గుండెపోటు, పక్షవాతం, డయాలసిస్ దాకా వెళ్లే కిడ్నీ దెబ్బ, ఇవేవీ మొదటి వర్గంలో ఎక్కువ కాలేదు. అది విన్నాకే మా తోడికోడలు శాంతించింది.

ఇంటికి వచ్చాక ఇంకో చిక్కు. రక్తం పడుతుందని చుట్టాలందరూ మునగాకు, తోటకూర కట్టలు కట్టలుగా తెచ్చారు. నాది లోహపు వాల్వు కనుక రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం మాత్ర వేసుకోవాలి. ఆకుకూర తినడం ఒక్కసారిగా పెరిగితే ఆ మాత్ర పని తగ్గిపోతుంది. మానేయనక్కర్లేదు, వారం వారం ఒకే కొలతలో తినమన్నారు. ఐరన్ మాత్రకు, టీకి మధ్య ఎడం ఉండాలి. ఆ మాత్రతో విరేచనం నల్లగా అవుతుంది, కానీ తారులా జిగటగా ఉంటే వెంటనే రమ్మన్నారు, లోపల రక్తస్రావం కావచ్చు.

హిమోగ్లోబిన్ మెల్లగా పెరిగింది. ఛాతీ ఎముక అతికేదాకా బిందె ఎత్తలేదు. మొన్నటి పరీక్షలో 11.6. గోళ్ల కింద ఎరుపు తిరిగొచ్చింది. సన్నదారంతో అల్లేటప్పుడు వేళ్లు తిమ్మిరెక్కడం లేదు. అన్నయ్య వచ్చే నెల మళ్లీ రక్తమివ్వడానికి వెళ్తానంటున్నాడు.