సూదిలోకి దారం ఎక్కని రోజులు

2020 మార్చి ఆఖరి వారం. లాక్‌డౌన్‌తో మా ఊరి కల్లు దుకాణం మూతపడి మూడో రోజు. నిజామాబాద్ జిల్లాలో చిన్న దర్జీని నేను. దారం కొసను నోట తడిపి సూదిలోకి ఎక్కించబోతే చేయి వణికి పక్కకు పోతోంది. పదిసార్లు చూసి వదిలేశాను. ఆ రాత్రి కంటికి కునుకు లేదు. గోడ మీద చీమలు బారులు తీరాయి. మా ఆవిడకు మాత్రం ఒక్కటీ కనబడలేదు. తెల్లవారుజామున మూర్ఛ వచ్చి పడిపోయానట. దిండు మీద రక్తం, కొరుక్కున్న నాలుక చూసుకున్నాకే నమ్మాను.

"మీ ఒంటికి అందక ఇలా చేసింది కల్లు కాదు, అందులో కలిపిన అల్ప్రాజోలం అనే మత్తుమందు" అన్నారు డాక్టరు గారు. పన్నెండేళ్లుగా రోజుకు మూడు సీసాలు తాగినవాణ్ణి. చెట్టు కల్లే తాగుతున్నానని నా భ్రమ. ఆ మందు ఏళ్ల తరబడి నరాలకు పగ్గం వేస్తుంటే మెదడు తన సొంత పగ్గాన్ని వదులు చేసుకుంటుందట. మందు ఒక్కసారిగా ఆగితే పట్టి ఆపేది ఉండదు. అందుకే అదే జాతికి చెందిన డయాజెపామ్ ఇచ్చి, మోతాదును కొద్దికొద్దిగా తగ్గించారు. "మనసు గట్టి చేసుకుంటే చాలు" అని చుట్టాలందరూ హితవు చెప్పినవాళ్లే. మూర్ఛకు మనసుతో పనేమిటి? ఆ మాట పట్టుకుని ఇంట్లోనే ఉంటే ఈపాటికి నా ఫొటోకు దండ పడేది.

రెండు నెలలకు మాత్రలు ఆగాయి. చేయి నిలిచింది, నిద్ర పట్టింది. ఇక అయిపోయిందనుకున్నాను.

దుకాణం మళ్లీ తెరిచారు. వణుకు లేదు, చెమట లేదు. అయినా సాయంత్రం ఆరయ్యేసరికి కాళ్లు ఆ సందు వైపే తిరిగేవి. చెట్టు కింద బల్ల, ఉప్పూ కారం చల్లిన గుడాలు, పక్కవాడి పరాచికాలు. దీనికీ ఒక మాత్ర ఇవ్వమన్నాను. లేదన్నారు డాక్టరు గారు. మనసు ఎప్పుడెప్పుడు లాగుతుందో రాసుకురమ్మన్నారు. కాగితం నిండా ఆరు గంటలే.

అప్పటి నుంచి కాజాల పని ఆరింటికి పెట్టుకున్నాను. కాజా కుట్టేటప్పుడు చూపు చెదిరితే గుడ్డ పాడవుతుంది.

పోయిన దసరాకు పాత స్నేహితుడొకడు కొలతలివ్వడానికి వచ్చాడు. ఒంటి మీద అదే పుల్లటి వాసన. ఛాతీ కొలత రెండుసార్లు తప్పు రాశాను. మూడోసారి సరిగ్గా రాసుకుని, చొక్కా శుక్రవారం ఇస్తానని చెప్పి పంపించాను.