గొంతు నొప్పి తగ్గాక వచ్చిన కిడ్నీ వాపు: కొలతలతో గడిచిన రోజులు

మా బాబుకి ఏడేళ్లు. గొంతు నొప్పి, జ్వరం తగ్గి పది రోజులైంది. ఆ పొద్దున లేచేసరికి కళ్ల చుట్టూ ఉబ్బి ఉంది, మూత్రం డికాషన్ రంగులో వచ్చింది. రక్తమంటే ఎర్రగానే పడుతుందనుకుంటాం. కిడ్నీ వడపోత దగ్గర కారితే ఇలా నల్లగా దిగుతుంది.

పరీక్షల్లో సి3 (రక్తంలో ఉండే ఒక రక్షణ ప్రోటీన్) తక్కువ, ఏఎస్‌ఓ (స్ట్రెప్ క్రిమి మీద తయారైన యాంటీబాడీ) ఎక్కువ, మూత్రంలో ఎర్రకణాల కాస్ట్‌లు, అంటే కిడ్నీ గొట్టాల్లో అచ్చుపోసినట్టు ముద్దకట్టిన ఎర్రకణాలు. గొంతు నొప్పి తెచ్చిన స్ట్రెప్టోకాకస్ క్రిమి మీద తయారైన యాంటీబాడీలు కిడ్నీ జల్లెడలో పేరుకుని వాపు తెస్తాయి. యాంటీబయాటిక్ గొంతులో మిగిలిన క్రిముల కోసమే, కిడ్నీ వాపు దానంతటదే తగ్గాలి. ఈలోగా ఒంట్లో నిలిచే ఉప్పు, నీళ్లు, పెరిగే బీపీ, వీటితోనే మా పోరు.

నీళ్లకు డాక్టర్ చెప్పిన లెక్క ఇది: నిన్న పోసిన మూత్రం, దానికి తోడు చెమటా ఊపిరీ పట్టుకుపోయే నీటి వాటా. ఇరవై రెండు కిలోల పిల్లాడికి ఆ వాటా సుమారు 340 మి.లీ. నిన్న 200 పోశాడంటే ఇవాళ మొత్తం 540. మొదటి రోజు నేను మందు మింగించిన నీళ్లు, పాలు లెక్కలోకి తీసుకోలేదు. సాయంత్రం కూడి చూస్తే 150 మి.లీ. ఎక్కువైంది. ఆ తర్వాత పొద్దున్నే ఆ రోజు లెక్కకు వచ్చిన నీళ్లు ఒక సీసాలో పోసి పెట్టేదాన్ని. పాలు ఇచ్చినా, మందుకు నీళ్లిచ్చినా అంతే కొలత సీసాలోంచి తీసేసేదాన్ని. దాహమన్నప్పుడు చిన్న గ్లాసుతో గుక్కెడు గుక్కెడు ఇచ్చేదాన్ని.

బరువు రోజూ పొద్దున్నే, మూత్రం పోశాక, అదే తూకం మీద. మూత్రం ఎక్కువ పోయించే ఫ్యూరోసెమైడ్ మందు మొదలయ్యాక నాలుగు రోజుల్లో 1.6 కిలోలు దిగింది. అదంతా నీరే. ముఖం చూసి వాపు తగ్గిందనుకోవడం కన్నా తూకాన్ని నమ్మడం మేలు.

బీపీ పట్టీ పిల్లల సైజుదే కావాలి. చిన్నదైతే బీపీ లేనిపోని ఎక్కువ చూపిస్తుంది, పెద్దదైతే తక్కువ. తలనొప్పి, వాంతులు, చూపు మసకబారడం, ఫిట్స్, ఆయాసం కనిపిస్తే మాత్రం అంకెల కోసం ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే. జ్వరానికి ఐబుప్రోఫెన్ వేయొద్దన్నారు, కిడ్నీకి దెబ్బట.

రెండు వారాలకు మూత్రం తేటపడింది. ఎనిమిదో వారం సి3 మామూలుకొచ్చింది. అప్పటికీ రాకపోతే వేరే జబ్బేమోనని బయాప్సీ (కిడ్నీలోంచి చిన్న ముక్క తీసి చూసే పరీక్ష) ఆలోచిస్తారు. మైక్రోస్కోపులో మాత్రం ఎర్రకణాలు ఇంకా కనిపిస్తున్నాయి. ఏడాది పైగా కూడా అలా ఉండొచ్చట, అందుకే మూత్ర పరీక్ష, బీపీ చూపించుకోవడం ఆపలేదు.