అబిడ్స్ ఫుట్‌పాత్ మీద నా ఆదివారాలు

పదకొండేళ్లుగా పెళ్లి ఫోటోలు తీస్తున్నాను. ఆ పనిలో నా చేతులకు బాగా అలవాటైపోయింది ముఖాలు తెల్లగా చేయడం. అలా చేయమని ఎవరూ నోరు తెరిచి అడగరు. కానీ ఆల్బమ్‌లో పెళ్లికూతురు ఉన్న రంగులోనే కనిపిస్తే మాత్రం ఫోన్ వస్తుంది. కిందటేడు మూఢం రోజుల్లో పెళ్లిళ్లు లేక ఖాళీగా ఉన్నప్పుడు, ఎవరికీ ఆల్బమ్ ఇవ్వనక్కర్లేని ఫోటోలు కొన్ని తీసుకోవాలనిపించింది.

కాలేజీ రోజుల నుంచి ఆదివారం అబిడ్స్ వెళ్లడం నాకు అలవాటు. ఆ రోజు మూసి ఉన్న దుకాణాల షట్టర్ల ముందు, ఫుట్‌పాత్ పొడవునా పాత పుస్తకాలు పరుస్తారు. గైడ్లు, ఇంజినీరింగ్ పుస్తకాలు, ఇంగ్లిష్ నవలలు, అదృష్టం బాగుంటే అట్ట ఊడిన మంచి తెలుగు పుస్తకం. ఇన్నేళ్లూ పుస్తకాలు చూశానే తప్ప అమ్మేవాళ్ల ముఖాలు సరిగ్గా చూడలేదు. వాళ్లనే తీద్దామనుకున్నాను.

ఆ సమయంలో నన్ను పట్టుకున్నవి సేడూ కీటా ఫోటోలు. ఆయనది ఆఫ్రికాలోని మాలి. 1948లో బమాకోలో స్టూడియో తెరిచాడు. ఎక్కువగా ఆరుబయట, పగటి వెలుతురులోనే తీసేవాడు. మొదట్లో ఆయన వెనక తెరగా కట్టింది తన మంచం మీది దుప్పటే. ఫిల్మ్ ఖరీదు కాబట్టి మామూలుగా మనిషికి ఒక్క షాటే. అందులో నల్లటి చర్మం ఎంత నిండుగా, ఎంత నిగనిగలాడుతూ ఉంటుందో! ఒక్కో ఫోటో ముందు చాలాసేపు కూర్చుండిపోయేవాణ్ని.

నేనూ ఒక తెల్ల దుప్పటి పట్టుకెళ్లి షట్టర్‌కు క్లిప్పులతో బిగించాను. అదే తప్పయింది. అంత తెలుపు చూసి కెమెరా వెలుతురు తగ్గించేసింది, ముఖాలు బొగ్గులా వచ్చాయి. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో పెంచితే బూడిద రంగుకు తిరిగాయి. మూడు ఆదివారాలు అలాగే పోయాయి.

ఆ మూడింటిలో కాస్త బాగున్నదాన్ని ల్యాబ్‌లో ప్రింట్ వేయించి తీసుకెళ్లాను. ఆ ఫోటోలో ఉన్న పెద్దాయనది నల్గొండ వైపు ఊరు, ముప్పై ఏళ్లుగా అక్కడే అమ్ముతున్నాడు. ప్రింట్‌ను రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఎవరు తమ్మీ ఈయన?"

"నువ్వే అన్నా."

"నేనెక్కడ ఇంత తెల్లగున్న? నువ్వే ఉంచుకో."

ల్యాబ్‌లో మిషన్ దానంతటదే ముఖం తెల్లబరిచింది. కవర్‌లోంచి తీసి చూసినప్పుడు ఆ తేడా నా కంటికి ఆనలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తర్వాతి వారం అమ్మ పాత నారాయణపేట చీర తీసుకెళ్లాను. ముదురు మెరూన్ రంగు, నూలుది, మెరుపు లేదు. ఈసారి స్పాట్ మీటర్‌తో చెంప మీద వెలుతురు కొలిచాను. మీటర్‌కు ఏ రంగైనా మధ్యరకం బూడిద రంగులాగే కనిపిస్తుంది. నల్లటి చెంప చూపిస్తే దాన్నీ ఆ స్థాయికి తెచ్చేస్తుంది. అందుకే అది చెప్పినదానికి ఒక స్టాప్, అంటే వెలుతురు సగానికి, తగ్గించాను. ఎండ నేరుగా పడని చోట నిలబెట్టి, ఒక పక్క నుంచి తెల్ల థర్మోకోల్ షీట్ పట్టాను. అంతే, చెంప ఎముక మీద వెలుతురు నిలిచింది. ల్యాబ్‌లో 'కరెక్షన్ వద్దు' అని కాగితం మీద రాసిచ్చి, ప్రింట్ అయ్యేదాకా అక్కడే నిలబడ్డాను.

ఇంకో చిక్కు బేరం. ఫోటో కోసం మనిషిని లేపితే గిరాకీ పోతుంది. ఈ విషయంలో నాకు దారి చూపింది మన ఊరి రాజా దీన్ దయాళ్, ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్. 1892లో ఆయన పరదా పాటించే ఆడవాళ్ల కోసం ఇక్కడ విడిగా జనానా స్టూడియో పెట్టి, అక్కడి పనిని ఒక ఇంగ్లిష్ మహిళకు అప్పగించాడు. ఎదుటి మనిషి వీలు చూడటం కూడా ఫోటోగ్రాఫర్ పనేనని నాకు అక్కడే తెలిసింది. అప్పటి నుంచి పొద్దున్నే వెళ్లి, మూటలు విప్పడంలో సాయం చేసి, కొనేవాళ్లు రాకముందే తీస్తున్నాను. మనిషికి మూడు ఫ్రేములు, అంతకు మించి తీయను. చేతిలో ఏ పుస్తకం పట్టుకోవాలో వాళ్ల ఇష్టం. పెద్దాయన పాత తెలుగు నిఘంటువు పట్టుకున్నాడు.

కొత్త ప్రింట్ చూసి "ఆఁ, గిది నేను" అన్నాడు. ప్రింట్ నలగకుండా ఆ నిఘంటువులోనే పెట్టి, పుస్తకాన్ని అమ్మకం వరుసలోంచి తీసి తన సంచిలో వేసుకున్నాడు.

ఇప్పటికి పద్నాలుగు మంది అయ్యారు. చివర్లో కూర్చునే ఒకామె మాత్రం ఇంకా ఒప్పుకోలేదు, నేనూ బలవంతపెట్టలేదు. పెద్దాయన తిరిగిచ్చిన ఆ తెల్ల ప్రింట్‌ను మానిటర్ పక్కన అతికించుకున్నాను. పెళ్లి ఫోటోలు ల్యాబ్‌కు పంపే ముందు ఇప్పుడు దాన్ని ఒకసారి చూస్తున్నాను.