నొప్పి మాత్ర మానేటప్పుడు

తొడ ఎముకలో రాడ్ వేయించుకున్నవాళ్లకు ఆపరేషన్ గురించి, ఫిజియోథెరపీ గురించి చెప్పేవాళ్లు చాలామంది దొరుకుతారు. నొప్పి మాత్ర మానేటప్పుడు ఒంట్లో ఏం జరుగుతుందో మాత్రం నాకు ముందుగా ఎవరూ చెప్పలేదు. ఇంకొకరికైనా ముందే తెలియాలని రాస్తున్నాను.

నాకు రాసింది ట్రమడాల్. మొదట పూటకొకటి. ఎముక అతకక రెండోసారి ఆపరేషన్ చేశాక రోజుకు నాలుగు, అంటే 200 మిల్లీగ్రాములు. అలా నెలలు గడిచాయి. ఆ మాత్ర లేకపోతే వాకర్ పట్టుకుని బాత్‌రూమ్ దాకా వెళ్లగలిగేదాన్ని కాదు. అందుకే ఆ మందు మీద నాకు కోపం లేదు.

సంక్రాంతి సెలవుల్లో మాత్రలు అయిపోయాయి. పాత చీటీ మీద ఇవ్వనన్నాడు మందుల షాపాయన. ఆయన తప్పేమీ లేదు. ట్రమడాల్ హెచ్1 షెడ్యూల్ మందు, అంటే డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందుల జాబితాలోది. ఏ డాక్టరు రాశారో, ఎవరికి అమ్మారో వేరే రిజిస్టర్లో ఎక్కించి మూడేళ్లు దాచాలి. 2018 నుంచి మత్తుమందుల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం కిందకి కూడా వచ్చింది. మా డాక్టరు చూస్తే ఊళ్లో లేరు. "పండగ అయ్యేదాకేగా అక్కా, అప్పటిదాకా పారాసిటమాల్ వేసుకో" అన్నాడు తమ్ముడు.

మర్నాడు పొద్దుటి నుంచి ఆవలింతలు. నిద్ర వచ్చి కాదు. ఒకదాని వెనక ఒకటి, దవడలు నొప్పి పుట్టేలా. కళ్లూ ముక్కూ కారుతూనే ఉన్నాయి. ఎండలో కూర్చున్నా చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకునే ఉన్నాయి, మరోపక్క చెమటలు. అమ్మ జలుబనుకుని మిరియాల కషాయం పెట్టింది. సాయంత్రానికి నీళ్ల విరేచనాలు. రాత్రి కాళ్లు పీకడం మొదలైంది. చాపితే ముడవాలనిపిస్తుంది, ముడిస్తే చాపాలనిపిస్తుంది. అమ్మ తెల్లవార్లూ నా పిక్కలు పిసుకుతూ కూర్చుంది. మధ్యమధ్యలో తలలో కరెంటు కొట్టినట్టు జిల్లుమనేది. గుండెదడ, కారణం లేని భయం.

నన్ను ఎక్కువ బెదరగొట్టింది తొడలో నొప్పి. రాడ్ కదిలిందేమో, మూడోసారి కోస్తారేమో అని వణికిపోయాను. కానీ ఎక్స్‌రేలో ఎముక చక్కగా అతుక్కుని ఉంది. నడుము, రెండో కాలు, చివరికి పళ్లు కూడా నొప్పిగా ఉన్నాయని చెప్తే, పెయిన్ క్లినిక్ డాక్టరమ్మకు సంగతి వెంటనే అర్థమైంది. "ఆపరేషన్ చేయనిచోట కూడా నొప్పి వస్తోందంటే అది ఎముక నొప్పి కాదమ్మా, మాత్ర ఒక్కసారిగా ఆగినందుకు ఒళ్లు చేస్తున్న గొడవ" అన్నారు. ట్రమడాల్ రెండు పనులు చేస్తుందట. మార్ఫిన్ జాతి మందులా నొప్పిని అణుస్తుంది, డిప్రెషన్ మాత్రల్లా మెదడులోని సెరటోనిన్, నార్‌ఎపినెఫ్రిన్ అనే రసాయనాలను కూడా పెంచుతుంది. అందుకే ఆగినప్పుడు విరేచనాలు, ఒళ్లు నొప్పులతో పాటు ఆ కరెంటు షాకులు, ఆ భయం కూడా వస్తాయి.

"నేను దీనికి బానిసనయ్యానా మేడమ్?" అని అడిగేశాను. మా బంధువొకావిడ "మత్తుమందుకి అలవాటు పడిందట" అన్న మాట అప్పటికే నా చెవిన పడింది. డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుని, చెప్పినట్టు మందు వేసుకున్నవాళ్లకు కూడా శరీరం దానికి అలవాటు పడుతుందని, నొప్పి లేకపోయినా ఆ మందు కోసం వెంపర్లాడటం, నష్టమని తెలిసీ ఆపలేకపోవడం వేరే జబ్బని, దానికి కూడా వైద్యం ఉందని నిదానంగా చెప్పారు. ఆ మాటలు అమ్మ కూడా వినాలని లోపలికి పిలిపించాను.

మళ్లీ మాత్ర మొదలుపెట్టి, మెల్లగా తగ్గించాం. క్యాప్సూల్‌ని సగం చేయలేం కాబట్టి విరిచే వీలున్న మామూలు మాత్రకు మార్చారు. నెమ్మదిగా కరిగే ఎస్ఆర్ రకాన్ని మాత్రం విరవకూడదు, నలపకూడదు. ముందు మధ్యాహ్నం డోసు తీసేశారు. ఒళ్లు కుదుటపడ్డాకే తర్వాతి మెట్టు. బాగా ఇబ్బందైతే అక్కడే ఆగడం, ఇంకా చిన్న మెట్టు వేయడం. చెమటలు తగ్గడానికి క్లోనిడిన్ ఇచ్చారు. అది బీపీ మందు కాబట్టి రోజూ బీపీ చూసుకుని వేసుకోవాలి, లేచేటప్పుడు మెల్లగా లేవాలి. విరేచనాలకు లోపెరమైడ్, ఓఆర్ఎస్.

అన్నిటికంటే కష్టమైంది చివరి అర మాత్ర. అంత చిన్న ముక్కే కదా అనుకుంటాం, కానీ నిద్ర దాని దగ్గరే చెడింది. ఒక రాత్రి దడ ఆగక ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేశాను. అవతలి అమ్మాయి తెలుగులో ఓపిగ్గా మాట్లాడి, నా ఊపిరి నిదానించేదాకా లైన్లోనే ఉంది. గోరువెచ్చని నీళ్లలో కాళ్లు పెట్టుకోవడం, సాయంత్రం వాకర్‌తో వరండాలో నడవడం నిజంగా పనిచేశాయి.

మానేశాక డాక్టరమ్మ గట్టిగా చెప్పిన మాట ఒకటుంది: మళ్లీ నొప్పొచ్చినా పాత డోసు వేసుకోకూడదు. అలవాటు పోయిన శరీరానికి అది ఎక్కువైపోయి ఊపిరి మందగించవచ్చు. డిప్రెషన్ మాత్రలు వాడేవాళ్లు ఆ సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పాలి. ట్రమడాల్‌తో కలిస్తే ఫిట్స్ వచ్చే ప్రమాదం పెరుగుతుంది.

ఇప్పుడు కర్ర లేకుండా నడుస్తున్నాను. ముసురు పట్టిన రోజుల్లో తొడ కాస్త సలుపుతుంది, అప్పుడు పారాసిటమాల్ చాలు. వచ్చే ఏడాది రాడ్ తీస్తామంటున్నారు. ఈసారి నొప్పికి ఏ మందు ఇస్తారు, ఎన్ని రోజులు, ఎలా తగ్గిస్తారు అని డాక్టర్లను ముందే అడిగాను. వాళ్ల జవాబు నా ఫైల్లో మొదటి పేజీలోనే రాయించుకున్నాను.