దేవుడు పంపినాడా, గవర్నమెంటు వెళ్లగొట్టిందా

బయటి దేశాల్లో మీదే ఊరని ఎవరైనా అడిగితే మా అనంతపురం వాళ్లం "బెంగళూరు దగ్గర" అని చెప్పి ఊరుకుంటాం. బార్సిలోనాకు వచ్చాక నాకు ఆ అవసరం తప్పింది. ఇక్కడ కూరగాయల అంగట్లోనో, పిల్లల డాక్టరు దగ్గరో అనంతపురం పేరెత్తితే "ఓ, విసెంతె ఫెర్రర్!" అంటారు. మనం ఫాదర్ ఫెర్రర్ అనే మనిషి. ఆయన పుట్టింది ఈ ఊర్లోనే, 1920లో.

మా బిల్డింగులో కింద ఉండే పెద్దావిడ, ఆయన అనంతపురంలో పెట్టిన సేవాసంస్థ ద్వారా, మన జిల్లా పల్లెలోని ఒకమ్మాయి చదువుకని నెలనెలా డబ్బు కడుతుంది. ఆ పిల్ల రాసే ఉత్తరాలన్నీ ఒక ప్లాస్టిక్ ఫైల్లో దాచుకుంది. ప్రతి తెలుగు ఉత్తరానికీ వెనక అనువాదం కాగితం పిన్ను కొట్టి ఉంటుంది. అనువాదం చాలదట, అసలుది చెవులారా వినాలని మావాణ్ణి చదవమంది. ఇంట్లో తెలుగు పుస్తకం తీస్తే మూతి ముడుచుకునేవాడు అక్కడ వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివాడు. "మా ఊర్లో వాన పడినాది. మా నాయన చెనిక్కాయ వేసినాడు. మీరు బాగుండారా?" చెనిక్కాయ, అంటే వేరుశనగ, అన్న మాట దగ్గర ఆగి నావైపు చూశాడు. అది వాళ్లవ్వ నోట తప్ప ఎక్కడా వినని మాట, కాగితం మీద ఎప్పుడూ చూడనిది.

ఆదివారం వీడియో కాల్లో ఈ సంగతంతా మా అమ్మకు చెప్పాడు. ఆమె ఆశ్చర్యపడనేలేదు. "అంతా దేవుని పని రా సామీ. ఆయప్ప పంపకపోతే యాడ స్పెయిను, యాడ మన అనంతపురం?"

"దేవుడు పంపలేదవ్వా, గవర్నమెంటు వెళ్లగొట్టింది" అన్నాడు వీడు.

వాడన్నదీ నిజమే. ఫెర్రర్ 1952లో బొంబాయికి వచ్చిన జెసూట్, అంటే ఆ పేరున్న క్యాథలిక్ సంఘం మనిషి. మహారాష్ట్రలో మన్మాడ్ చుట్టుపక్కల రైతులు బావులు తవ్వుకుంటుంటే గోధుమలు, నూనె ఇచ్చి నిలబెట్టాడు. జనం ఆయన వెంట నడవడం పెద్దవాళ్లకు నచ్చలేదు. 1968లో దేశం విడిచి పొమ్మన్నారు. ఆయన కోసం రైతులు రోడ్డెక్కారు, ఇందిరాగాంధీ కల్పించుకుంది, మరుసటి ఏడు ఆయన తిరిగొచ్చాడు. వచ్చింది మహారాష్ట్రకు కాదు, అనంతపురానికి. నైరుతి వానంతా పడమటి కనుమల దగ్గరే అయిపోయి, ఈశాన్యపు మబ్బులు తీరం నుంచి మన దాకా వచ్చేసరికి చప్పబడిపోయి, ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే గొప్ప అనుకునే చోటికి. అద్దెకు తీసుకున్న ఇంట్లో గోడ మీద "అద్భుతం కోసం ఎదురుచూడు" అని రాసి ఉండిందని చెబుతారు. అద్భుతం ఊరికే రాదు, పని చేస్తే వస్తుందని ఆయన అర్థం చేసుకున్నాడట.

మన్మాడ్ రైతులకు నష్టమైంది మనకు లాభమైంది. దీన్ని దేవుడి ఏర్పాటు అని మా అమ్మ ఎంత సులువుగా అనేస్తుందో, మావాడు అంత సులువుగా కొట్టిపారేస్తాడు. వాడి తప్పేం లేదు. ఇక్కడి బడిలో చరిత్ర అంటే కారణాలు, ఫలితాలు. మత బోధన క్లాసు కావాలా వద్దా అని తల్లిదండ్రుల్నే అడుగుతారు, మేం వద్దన్నాం. వాడి స్నేహితుల్లో అమ్మమ్మలు చర్చికి పోతారు, అమ్మలు పోరు. మా ఇంట్లోనేమో వీసా వచ్చినా, జ్వరం తగ్గినా కదిరి నరసింహస్వామి దయే. రెండిళ్ల మధ్య వాడికి టెన్షన్ లేదు, వాదన ఉంది. నాకు అదే నయమనిపిస్తుంది.

ఆ వాదన ఆ ఆదివారంతో ఆగలేదు. వాడు మన జిల్లా చరిత్ర వెతుక్కుని, 1876లో మొదలైన ధాత కరువు దగ్గరికి వెళ్లాడు. అప్పటికి అనంతపురం విడి జిల్లా కాలేదు, 1882 దాకా బళ్లారిలో భాగం. మన దత్తమండలాల్లో జనం లక్షల్లో కూలిపోయిన కరువు అది. "అప్పుడు మీ దేవుడు ఎవర్నీ ఎందుకు పంపలేదు?" అని అవ్వను అడిగాడు.

ఆ ప్రశ్న పెద్దవాళ్లు కూడా తప్పించుకునేది. దానికి ఒక తరహా జవాబు చరిత్రలోనే ఉంది. ఐర్లాండు కరువులో సహాయం పంపిణీని నడిపించిన బ్రిటిషు అధికారి ట్రెవెల్యన్ ఆ కరువు దైవం కొట్టిన దెబ్బేనని పుస్తకంలో రాశాడు. ఆ పెద్దమనిషే 1859లో మద్రాసుకు గవర్నరుగా వచ్చాడు. ఇలాంటివాళ్లను చదివినప్పటి నుంచీ నాకో పట్టింపు. పని చేసినవాడు దేవుడు చేయించాడంటే వింటాను. చేతిలో గింజలున్నవాడు, ఇంకొకరి చావుకు దేవుణ్ణి అడ్డం పెట్టుకుంటే మాత్రం వినను. మావాడికి కూడా ఇదే చెప్పాను.

మా అమ్మ ట్రెవెల్యన్ పేరు వినలేదు. ధాత కరువులో ఏం జరిగిందో వాణ్ణే చెప్పమంది. రోజంతా మట్టి మోసినవాడికి అరకిలో లోపు గింజలు, దాని మీద ఒక అణా చాలని టెంపుల్ అనే దొర లెక్క కట్టాడని, అప్పుడు కూడా ఇంగ్లండుకు పోయే ఓడల్లో గోధుమలు ఎక్కుతూనే ఉన్నాయని వాడు చెప్పాడు. ఆమె కాసేపు ఏమీ అనలేదు.

"గింజలుండినాయి కదా! ఉండీ పెట్టకపోతే దేవుణ్ణెందుకు అంటావు? ఆ దొరనడగల్ల."

వీడు వదల్లేదు. "అట్లయితే గోధుమలు పెట్టినందుకు పేరు ఫెర్రర్‌కే రావాలి కదా? దేవుడికెందుకు?"

"పేరు ఆయనకే ఇయ్యి, నేనొద్దంటినా? ఆయన్ని ఇక్కడికి తోలిందెవరో, అది నాకొదిలిపెట్టు."

అది జవాబే కాదని ఫోను పెట్టేశాక నా దగ్గర గొణిగాడు. ఈ ఏడు స్కూలు ప్రాజెక్టుకు మాత్రం ఫెర్రర్‌నే తీసుకున్నాడు. కారణాల పట్టికలో మన్మాడ్, 1968 ఉత్తర్వు, ఇందిరాగాంధీ, పడమటి కనుమలు అన్నీ వేశాడు. అట్టడుగు గడిలో అవ్వ మాటను స్పానిష్‌లోకి మార్చి, "మా అవ్వ అభిప్రాయం" అని రాశాడు. టీచరు ఆ గడికి మార్కులు వేస్తుందో లేదో చూడాలి.